బిడ్డ నేర్పుకూ ఒక పుస్తకం

జూపాడు బంగ్లా మండల మహిళా సమాఖ్య సర్వసభ్య సమావేశంలో సామాజిక కార్యాచరణ కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం



ఇంతసేపూ పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి అప్పు ఎంత తిరిగొచ్చింది అని లెక్కలు విన్నాము. ఇప్పుడు మేము చెప్పబోయేదీ లెక్క గురించే. కాకపోతే ఇది డబ్బు లెక్క కాదు. వయసు వచ్చినా మాట రాని పిల్లలు, పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడని పిల్లలు, తనకేం కావాలో చెప్పలేక తల కొట్టుకునే పిల్లలు మన ఊళ్లలో ఉన్నారు. అట్లాంటి బిడ్డకు పని ఎట్లా నేర్పాలి, నేర్చుకుంటున్నాడో లేదో ఎట్లా రాసుకోవాలి అనేదే ఈ రోజు మా మాట.

ఇది సమాఖ్య సభలో ఎందుకమ్మా అని కొందరికి అనిపించొచ్చు. ఎందుకంటే ఆ బిడ్డ తల్లి మన సభ్యురాలు. పత్తి తీతకు పిలిస్తే ఆమె రాలేదు. సమావేశానికి వచ్చినా ఒక కన్ను బిడ్డ మీదే ఉంటుంది. నాలుగు వారాలు రాకపోతే మనం జరిమానా రాస్తాము గానీ, ఎందుకు రాలేదని అడగము. పైగా "గాలి సోకింది", "తల్లి ఫోను చేతికిచ్చి చెడగొట్టింది", "కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నాదో" అని తలా ఒక మాట అంటారు. ముందు ఈ మాటలు మానుకోవాల. ఆటిజం అనేది పుట్టుకతోనే మెదడు ఎదిగే తీరులో ఉండే తేడా. అది తల్లి పెంపకం వల్ల వచ్చేది కాదు, టీకాల వల్ల వచ్చేది కాదు, గాలీ ధూళీ కాదు.

మన సంఘాలకు పంచసూత్రాలు ఉన్నాయి. వారం వారం సమావేశం, పొదుపు, లోపలి అప్పులు, సకాలంలో తిరిగి కట్టడం, పుస్తకాలు రాయడం. ఐదో సూత్రం లేకపోతే మిగతా నాలుగూ నిలబడవని మనకు తెలుసు. బిడ్డకు నేర్పడంలోనూ ఆ ఐదో సూత్రమే ఆధారం. ఇదొక్కటి గుర్తు పెట్టుకుని పోతే మా ప్రసంగం పని చేసినట్టే.

ఈ పద్ధతి యాడి నుంచి వచ్చింది

దీన్ని అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్ అంటారు. పొట్టిగా ఏబీఏ. మన మాటల్లో చెప్పాలంటే, బిడ్డ చేసే పనికి ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది అని గమనించి, దాన్నిబట్టి నేర్పడం. 1968లో అమెరికాలో ఈ పేరుతోనే ఒక పత్రిక మొదలైంది. బేర్, వుల్ఫ్, రిస్లీ అనే ముగ్గురు ఆ ఏడే ఈ పద్ధతికి లక్షణాలు రాశారు. వాళ్లు గట్టిగా చెప్పిన ఒక మాట ఏమంటే, మార్పు వచ్చిందని నోటితో అంటే చాలదు, లెక్కలో కనపడాలని.

1987లో లోవాస్ అనే ఆయన 19 మంది చిన్నపిల్లలకు వారానికి 40 గంటల చొప్పున రెండేళ్లకు పైగా నేర్పి, వాళ్లలో 9 మంది మామూలు బడిలో ఒకటో తరగతి పూర్తి చేశారని రాశాడు. దాంతో ఈ పద్ధతికి చాలా పేరు వచ్చింది. ఆ పనిలో గద్దించడం, తొడ మీద కొట్టడం కూడా ఉండేవి. దాని మీద విమర్శ కూడా వచ్చింది. ఆ సంగతి కొంచెం ఆగి చెప్తాము.

ఇది పరాయి దేశం ముచ్చట మాత్రమే అనుకోవద్దు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ పెట్టారు. ఇప్పుడు దాన్ని ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు. అక్కడ రీతా పెషావరియా, ఎస్. వెంకటేశన్ అనే ఇద్దరు నిపుణులు 1992లో మన దేశం పిల్లల కోసం ఒక కొలత తయారు చేశారు. దాని మొదటి భాగంలో తినడం, బట్టలు వేసుకోవడం, మాట, డబ్బు లెక్క లాంటి నేర్పులు 280 ఉన్నాయి. రెండో భాగంలో కొట్టడం, వస్తువులు పగలగొట్టడం లాంటి ఇబ్బంది పెట్టే ప్రవర్తనలు 75 ఉన్నాయి. ఇంట్లో, బడిలో రోజూ చేసే పనులనే అందులో కొలుస్తారు. అందుకే అది మన ఇళ్లకూ సరిపోతుంది.

ముందు, పని, తర్వాత

మొదటి పాఠం మూడు గడులు. నోటు పుస్తకంలో పేజీని మూడుగా గీసుకోండి. మొదటి గడిలో ముందు ఏం జరిగింది, రెండో గడిలో బిడ్డ ఏం చేశాడు, మూడో గడిలో తర్వాత మనమేం చేశాము.

ఒక పిల్లోడు అన్నం పళ్లెం తోసేస్తాడు అనుకుందాము. "వీడికి పొగరు" అంటే అది లెక్క కాదు. నాలుగు రోజులు రాయండి. సోమవారం పప్పన్నం పెట్టాము, పళ్లెం తోశాడు, పళ్లెం తీసేశాము. మంగళవారం పెరుగన్నం పెట్టాము, తోశాడు, తీసేశాము. బుధవారం జొన్న రొట్టె పెట్టాము, కూర్చుని తిన్నాడు. గురువారం మళ్లీ పప్పన్నం, మళ్లీ తోశాడు. ఇప్పుడు పుస్తకం ఏం చెప్తోంది? వాడికి మెత్తగా చేతికి అంటుకునేది పడదు. తోస్తే అది పోతుందని నేర్చుకున్నాడు. అది పొగరు కాదు, వాడికి వచ్చిన ఒకే ఒక భాష. అయితే మనం నేర్పాల్సింది ఏంది? తోయకుండానే "వద్దు" అని చెప్పడం. చెయ్యి అడ్డం ఊపినా చాలు. ఊపిన వెంటనే పళ్లెం తీసేయాల. అప్పుడే ఆ సైగకు విలువ ఉందని వాడికి తెలుస్తుంది. మెత్తటిది తినడం తర్వాత కొంచెం కొంచెంగా అలవాటు చేయొచ్చు.

పిల్లలు చేసే పనుల వెనక చాలా వరకు నాలుగు కారణాలు ఉంటాయి. ఒకటి, కావాల్సింది దొరకాలని. రెండు, ఇష్టం లేనిది తప్పించుకోవాలని. మూడు, మనం తన వైపు చూడాలని. నాలుగు, ఆ పని చేస్తే ఒంటికి హాయిగా ఉంటుందని. అంగడి ముందు దొర్లి ఏడ్చేది మొదటి దానికి కావచ్చు. తర్తూరు జాతరలో మైకుల మోతకు చెవులు మూసుకుని అరిచేది రెండో దానికి కావచ్చు. ఏడుపు ఒకటే అయినా కారణం వేరు. కారణం వేరైతే మందు వేరు. అంగడి దగ్గర అడగడం నేర్పాలి. జాతరలో బిడ్డను మోతకు దూరంగా తీసుకుపోవాలి. ఇద్దరికీ ఒకే దెబ్బ వేస్తే ఇద్దరికీ అన్యాయమే.

ఇంకో ముఖ్యమైన మాట. ఎప్పుడూ లేనిది బిడ్డ హఠాత్తుగా తల కొట్టుకుంటే, కొరుక్కుంటే ముందు నొప్పి ఏమైనా ఉందేమో చూడండి. పన్ను నొప్పి, చెవి పోటు, మలబద్ధకం చెప్పుకోలేని బిడ్డ అట్లాగే చెప్తాడు. డాక్టరు దగ్గరికి పోయిన తర్వాతే పుస్తకం.

మెచ్చుకోలు లంచం కాదు

రెండో పాఠం మెచ్చుకోలు. బిడ్డ మంచి పని చేసిన వెంటనే వాడికి ఇష్టమైనది ఇస్తే ఆ పని మళ్లీ చేస్తాడు. దీన్ని రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటారు. "ఇది లంచం కాదా అక్కా" అని అడుగుతారు. ఏడుస్తుంటే నోరు మూయించడానికి ఇచ్చేది లంచం. పని చేసినాక ఇచ్చేది కూలి. మనం కూలికి పోతే సాయంత్రానికి డబ్బు రావాలంటాము కదా, బిడ్డకూ అంతే. కాకపోతే వాడికి సాయంత్రం దాకా కుదరదు. ఆ క్షణంలోనే ఇవ్వాల.

ఇష్టమైనది అంటే చాక్లెట్టే కానక్కర్లేదు. నాలుగు బొరుగులు, రెండు బుడ్డలు, ఊయల్లో రెండు ఊపులు, చెంబుతో నీళ్ల ఆట, వీపు మీద ఎక్కించుకుని ఒక చుట్టు. ఏది ఇష్టమో మనం అనుకోవడం కాదు, నాలుగు వస్తువులు ముందు పెట్టి ఏది ముందు పట్టుకుంటాడో చూడాల. కొంచెం కొంచెమే ఇవ్వాల, కడుపు నిండితే విలువ పోతుంది. గింజలు గొంతుకు అడ్డం పడే వయసు పిల్లలకు బుడ్డలు ఇవ్వకండి. ఇచ్చేటప్పుడు ఏం బాగా చేశాడో పేరు పెట్టి చెప్పండి. ఉత్త "శభాష్" కన్నా "చెంబు నువ్వే తెచ్చినావు, శభాష్" అంటే బిడ్డకు దేనికి మెచ్చుకున్నారో తెలుస్తుంది. నేర్చుకునే కొద్దీ తినేది తగ్గించి మాట, ముద్దు మిగిల్చుకోవాల.

ఆకలితో మాడ్చి తర్వాత తిండి ఆశ చూపించి పని చేయించడం మాత్రం వద్దు. బువ్వ బిడ్డ హక్కు, బహుమానం కాదు.

పనిని ముక్కలు చేయడం, చెయ్యి పట్టుకుని వదలడం

మూడో పాఠం. మనకు "చేతులు కడుక్కో" అనేది ఒక పని. బిడ్డకు అది ఏడు పనులు. బకెట్ దగ్గరికి రావడం, చెంబుతో నీళ్లు పోసుకోవడం, సబ్బు తీసుకోవడం, రుద్దడం, సబ్బు దాని చోట పెట్టడం, మళ్లీ నీళ్లు పోసి కడగడం, తువ్వాలుతో తుడుచుకోవడం. ఏ మెట్టు దగ్గర ఆగిపోతున్నాడో తెలిస్తే ఆ మెట్టునే నేర్పొచ్చు. "వీడికేమీ రాదు" అనే మాట పోయి "ఏడింట్లో నాలుగు వచ్చు" అనే లెక్క వస్తుంది. తల్లికి ఆ లెక్క ఎంత ధైర్యమో ఆలోచించండి.

కొందరు పిల్లలకు చివరి మెట్టు నుంచి మొదలు పెడితే సులువు. మొదటి ఆరు మెట్లూ మనం చెయ్యి పట్టి చేయిస్తాము. తువ్వాలుతో తుడుచుకోవడం ఒక్కటే వాడు చేస్తాడు. పని పూర్తి చేసిన సంతోషం వాడిదే అవుతుంది. అది వచ్చాక ఆరో మెట్టు, తర్వాత ఐదో మెట్టు.

సాయం చేయడానికీ మెట్లు ఉన్నాయి. ఇందాక చెప్పిన సికింద్రాబాద్ కొలతలో మార్కులు ఇట్లాగే వేస్తారు. మొత్తం మనమే చేయాల్సి వస్తే 1. చెయ్యి పట్టి చేయిస్తే చేసేదానికి 2. నోటితో ఒక్కో మాటా చెప్తే చేసేదానికి 3. చిన్న సైగ, గుర్తు ఇస్తే చేసేదానికి 4. ఎవరూ ఏమీ అనకుండా తనంతట తాను చేస్తే 5. ఆ వయసుకు, ఆ బిడ్డకు పనికిరాని అంశమైతే 0. మన పుస్తకంలో పని పక్కన ఈ అంకె ఒక్కటి వేస్తే చాలు. ఆర్నెల్ల కింద 2 ఉన్నది ఇప్పుడు 4 అయితే, బయటివాళ్ల కంటికి ఏమీ మారనట్టే ఉన్నా తల్లి కష్టం ఎంత తగ్గిందో పుస్తకానికి తెలుస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. సాయం చేయడం ఎంత ముఖ్యమో, వదలడం అంతే ముఖ్యం. అడుగు వేసే బిడ్డ చెయ్యి ఎప్పటికీ పట్టుకునే ఉంటే నడక రాదు. ఒక మెట్టు సాయం తగ్గించి, లోపల ఐదు లెక్కపెట్టి ఆగండి. ఆ ఐదు అంకెల మౌనంలోనే బిడ్డ నేర్చుకుంటాడు.

రాసే తీరు

ఇప్పుడు పుస్తకం దగ్గరికి వద్దాము. నాలుగు రకాల లెక్కలు ఉన్నాయి. ఎన్నిసార్లు అనేది ఒకటి. పొద్దున్నుంచి రాత్రి వరకు ఎన్నిసార్లు కొరికాడు, ఎన్నిసార్లు అడిగాడు. రెండోది ఎంతసేపు. ఏడుపు ఎన్ని నిమిషాలు, బువ్వ దగ్గర ఎన్ని నిమిషాలు కూర్చున్నాడు. దీనికి ఫోనులో గడియారం చాలు. మూడోది పదిసార్లు అవకాశం ఇస్తే ఎన్నిసార్లు సాయం లేకుండా చేశాడు. నాలుగోది ఇందాకటి మెట్ల లెక్క.

అన్నీ ఒకేసారి వద్దు. ఒక బిడ్డకు ఒకటి రెండు పనులే ఎంచుకోండి. రోజంతా కూర్చుని నేర్పాల్సిన పని కూడా లేదు. నీళ్లు తాగేటప్పుడు, స్నానమప్పుడు, బట్టలు తొడిగేటప్పుడు ఎట్లాగూ బిడ్డతోనే ఉంటాము, అక్కడే నేర్పొచ్చు.

రాయడం రాదే అనే అక్కలకు ఒక ఉపాయం. పది చింతగింజలు ఒక డబ్బాలో వేసుకోండి. బిడ్డ తనంతట అడిగిన ప్రతిసారీ ఒక గింజ రెండో డబ్బాలోకి. రాత్రికి లెక్కపెట్టి గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో గీతలు గీయండి. అదీ పుస్తకమే. బడికి పోయే పెద్దపిల్ల ఉంటే ఆ అంకె రాయమనండి. అయితే తమ్ముణ్ని చూసుకునే భారమంతా ఆ ఆడపిల్ల మీద వేసి బడి మాన్పించొద్దు.

లెక్క తెలియడానికి ఒక బిడ్డను ఊహించుకుందాము. దాహమైతే చెంబు చూపించి గానీ, "నీ" అని గానీ అడగడం నేర్పాలి. రోజుకు పది అవకాశాలు. నేర్పడం మొదలు పెట్టక ముందే మూడు రోజులు ఊరికే చూసి రాయాల. అది మనకు ప్రారంభ నిల్వ లాంటిది. ఆ మూడు రోజులు 0, 1, 0 వచ్చింది. మొదటి వారం నేర్పితే 2, 2, 3, 3, 4, 4. బాగుంది. రెండో వారం 4, 4, 5, 4, 4, 4. ఆగిపోయింది.

పుస్తకం లేకుంటే ఇక్కడ తల్లి ఏమంటుంది? "ఇంక వీడికి ఇంతేలే" అంటుంది. పుస్తకం ఉంటే వేరే ప్రశ్న వస్తుంది. మూడు రోజులకు పైగా లెక్క కదలకపోతే బిడ్డను మార్చడం కాదు, నేర్పే తీరు మార్చాల. చూస్తే ఏం తెలిసింది? గ్లాసు ముందే వాడి నోటి దగ్గర పెడుతున్నారు. అడగాల్సిన అవసరమే వాడికి లేదు. చెంబును కంటికి కనపడేట్టు, చేతికి అందనట్టు అరుగు మీద పెట్టారు. ఐదు లెక్కపెట్టి ఆగారు. బిడ్డ దాహంతో ఇబ్బంది పడే దాకా కాదు, ఐదు అంకెలే. అప్పటికీ అడగకపోతే చెయ్యి పట్టి చెంబు చూపించేట్టు చేసి నీళ్లు ఇచ్చారు. మూడో వారం 5, 6, 7, 8, 8, 9. పదికి ఎనిమిది వరుసగా మూడు రోజులు వస్తే ఆ పని వచ్చినట్టు లెక్క.

ఆగండి, అంతటితో అయిపోలేదు. అవ్వ దగ్గర ఉన్న రోజు రాస్తే పదికి రెండే వచ్చింది. అంటే అమ్మ దగ్గర మాత్రమే వచ్చిన నేర్పు అది. అవ్వ దగ్గర, అంగన్‌వాడీలో, మేనమామ ఇంట్లో కూడా వస్తేనే అది బిడ్డ సొంతం. ఈ సంగతి కూడా పుస్తకమే చెప్పింది.

రాసేటప్పుడు రెండు నియమాలు. ఒకటి, కంటికి కనపడింది రాయండి. "అల్లరి చేశాడు" అని రాస్తే ఒక్కొక్కరికి ఒక్కో అర్థం. "గ్లాసు విసిరాడు, మూడుసార్లు" అని రాస్తే అందరికీ ఒకటే అర్థం. రెండు, లేనిది ఉన్నట్టు రాయొద్దు. కట్టని కంతు కట్టినట్టు రాస్తే సంఘం ఏమవుతుందో మనకు చెప్పక్కర్లేదు. రాని పని వచ్చినట్టు రాస్తే నష్టపోయేది బిడ్డే. సున్నా వేయడానికి సిగ్గుపడొద్దు. సున్నా కూడా సమాచారమే.

తగ్గే ముందు పెరుగుతుంది

అంగడి ముందు ఏడ్చే బిడ్డ సంగతికి మళ్లీ వద్దాము. ఇన్నాళ్లూ ఏడిస్తే ప్యాకెట్ దొరికింది. ఇప్పుడు ఏడుపుకు ఇవ్వకుండా, వేలు చూపించి అడిగితేనే ఇస్తామని తీర్మానించుకున్నాము. మొదటి రోజు పది నిమిషాలు ఏడ్చాడు. రెండో రోజు పదిహేను. మూడో రోజు ఇరవై. ఊళ్లో వాళ్లంతా చూస్తున్నారు. "ఇదేం తల్లి" అంటున్నారు. చాలామంది అక్కడే ఓడిపోయి ప్యాకెట్ కొనిస్తారు. అప్పుడు బిడ్డ నేర్చుకునేది, ఇరవై నిమిషాలు ఏడవాలని.

పాత దారి మూసుకుపోతే బిడ్డ ముందు ఇంకా గట్టిగా తోసి చూస్తాడు. ఇది తెలిసిన సంగతే. చాలాసార్లు ఆ తర్వాతే తగ్గుతుంది. పన్నెండు, ఆరు, మూడు అని నిమిషాలు దిగడం పుస్తకంలో కనపడితే తల్లికి నిలబడే బలం వస్తుంది. కాకపోతే ఇంట్లో అందరూ ఒక్క మాట మీద ఉండాల. అమ్మ ఇవ్వకపోతే తాత ఇస్తాడని తెలిస్తే ఈ పద్ధతి పని చేయదు. అడగడం నేర్పకుండా ఊరికే ఏడవనివ్వడం కూడా తప్పే. పాత దారి మూసేటప్పుడు కొత్త దారి తెరిచి ఉండాల.

తలను గోడకు కొట్టుకోవడం, రక్తం వచ్చేట్టు కొరుక్కోవడం ఉంటే మాత్రం ఇంట్లో సొంతంగా ఈ ప్రయోగం చేయొద్దు. బిడ్డకు దెబ్బ తగలకుండా చూసుకుని, రాసిన పుస్తకం తీసుకుని నిపుణుల దగ్గరికి పోవాల.

చేయకూడనివి

ఇందాక ఆగి చెప్తామన్న మాట ఇది. ఈ పద్ధతి తొలి రోజుల్లో శిక్షలు కూడా వాడారు. ఆటిజం ఉండి పెద్దవాళ్లయిన వాళ్లే ముందుకొచ్చి, మాకు నొప్పి కలిగింది, మమ్మల్ని మాలాగా ఉండనివ్వలేదు అని చెప్పారు. వాళ్ల మాట వినాల. కొట్టడం, కారం పెట్టడం, గదిలో పెట్టి గొళ్లెం వేయడం, వాత పెట్టడం చికిత్స కాదు. చేతులు ఊపుకోవడం, గుండ్రంగా తిరగడం ఎవరికీ హాని చేయవు. బిడ్డకు హాయిగా ఉంటే ఉండనివ్వండి. "పదిమందిలో నామోషీ" అనేది మన ఇబ్బంది, బిడ్డ ఇబ్బంది కాదు. నేర్పాల్సింది బిడ్డకు పనికొచ్చేది. అడగడం, వద్దనడం, నొప్పి చెప్పడం, బాత్రూముకు పోవడం, రోడ్డు మీద ఆగడం.

మాట రావాల్సిందే అని పట్టు పట్టొద్దు. బొమ్మ కార్డు చూపించి అడిగినా, సైగతో అడిగినా అది భాషే. సైగ నేర్పితే మాట రాకుండా పోతుందనేది అపోహ.

ఆటిజం పూర్తిగా నయం చేస్తామని మందులు, పూజలు, యంత్రాలు అమ్మేవాళ్లు ఉంటారు. సంఘం అప్పు తెచ్చి అక్కడ పోసే ముందు ఆగండి. పట్నంలో థెరపీ సెంటరుకు పోయినా ఐదు ప్రశ్నలు అడగండి. ఏ పని నేర్పుతున్నారు? మొదలు పెట్టినప్పుడు లెక్క ఎంత, ఇప్పుడు ఎంత? ఆ పుస్తకం మాకు చూపిస్తారా? నేర్పేటప్పుడు మమ్మల్ని లోపల కూర్చోనిస్తారా? ఇంట్లో మేము ఏం చేయాలో చెప్తారా? పుస్తకం చూపించని సంఘానికి మనం అప్పు ఇస్తామా? పుస్తకం చూపించని చోట బిడ్డను ఎందుకు వదలాల?

యాడికి పోవాల

ఏడాది నిండినా పేరుకు పలకకపోతే, వేలు పెట్టి చూపించకపోతే, పదహారు నెలలకు ఒక్క మాటా రాకపోతే, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోతే, వచ్చిన మాటలు పోతే "మగపిల్లలకు ఆలస్యంగా వస్తాయిలే" అని కూర్చోవద్దు. ముందు చెవి పరీక్ష చేయించండి. అంగన్‌వాడీ టీచరుకు, ఆశా కార్యకర్తకు చెప్పండి. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలకు ఉచిత పరీక్షలు ఉన్నాయి. అవసరమైతే జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి పంపిస్తారు. బడి వయసు పిల్లలకు సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాలు, ప్రత్యేక విద్య టీచర్లు ఉన్నారు. మీ పుస్తకం అక్కడికి తీసుకుపోండి. "ఎట్లా ఉన్నాడమ్మా" అని అడిగితే పుస్తకం తెరిచి చూపిస్తే వాళ్ల పని కూడా సగం తేలికవుతుంది.

1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 2016 చట్టంలో 21 రకాల వైకల్యాల్లో అది చేరింది. సర్టిఫికెట్ కోసం ఆటిజం తీవ్రతను కొలిచే మన దేశపు కొలత, ఐఎస్ఏఏ, దాన్ని తయారు చేసింది కూడా సికింద్రాబాద్ సంస్థే. అందులో 40 అంశాలు ఉంటాయి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరి బడిలో ఉచిత చదువు హక్కు ఉంది. మన రాష్ట్రంలో అర్హులైన దివ్యాంగుల పింఛను 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయలు అయింది. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్యం, థెరపీ ఖర్చుకు అవకాశం ఉంది. సర్టిఫికెట్ ఉంటేనే ఇవి దొరుకుతాయి. "ముద్ర పడిపోతుంది" అని భయపడి సర్టిఫికెట్ మానుకుంటే ముద్ర ఎట్లాగూ తప్పదు, పోయేది హక్కే.

సంఘం చేయగలిగింది

ఈ పనికి పెద్ద నిధి అక్కర్లేదు. మా కమిటీ తరఫున నాలుగు ప్రతిపాదనలు పెడుతున్నాము.

ఒకటి, ప్రతి గ్రామ సంఘం సమావేశంలో ఇట్లాంటి పిల్లలున్న ఇళ్ల తల్లుల మాట వినడానికి ఎజెండాలో ఒక అంశం పెట్టాల. పంచసూత్రాలు దశసూత్రాలు అయినప్పుడు ఆరోగ్యం, చదువు కూడా మన సూత్రాల్లోకి వచ్చాయి. ఈ పిల్లలు అందులో లేరని ఎవరూ అనలేరు.

రెండు, కావాలన్న తల్లికి సంఘం ఖర్చుతో ఒక నోటు పుస్తకం ఇచ్చి, గడులు గీసుకోవడం వీఓఏ చూపించాల. అయితే ఆ పుస్తకం ఆ ఇంటిది. తల్లి ఒప్పుకోకుండా పదిమందిలో చదవకూడదు.

మూడు, సంఘంలో పదిమంది ఉంటే వంతు వేసుకుని వారానికి ఒక గంట ఆ బిడ్డ దగ్గర కూర్చోవాల. తల్లికి ఊపిరి పీల్చుకునే గంట అది. పదిమంది దగ్గర అడగడం నేర్చుకుంటే బిడ్డకు ఆ నేర్పు నిలుస్తుంది. కాబట్టి ఆ గంట బిడ్డకూ పాఠమే.

నాలుగు, ఈ బిడ్డల కారణంగా సమావేశానికి రాలేని తల్లికి జరిమానా రాసే ముందు ఒకసారి ఇంటికి పోయి రావాల.

ఇంకొక్క మాట. ఆ తల్లి కనపడితే "ఇంకా మాట రాలేదా" అని అడగడం మానేద్దాము. "ఈ వారం పుస్తకంలో కొత్తగా ఏం రాసినావక్కా" అని అడుగుదాము. మొదటి ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు ఉండదు. రెండో ప్రశ్నకు తప్పకుండా ఉంటుంది. పళ్లెం తోయకుండా చెయ్యి ఊపాడని ఉంటుంది, ఏడు మెట్లలో ఐదు అయినాయని ఉంటుంది, లేదంటే ఈ వారం సున్నా, తీరు మార్చాలని ఉంటుంది.

ఈ నాలుగు ప్రతిపాదనలనూ చర్చించి, ఒప్పుకుంటే ఈ సభలోనే తీర్మానంగా మినిట్స్ పుస్తకంలో రాయించాలని, వచ్చే సర్వసభ్య సమావేశంలో ఏ ఊళ్లో ఎంత జరిగిందో చదివి వినిపించాలని కోరుతున్నాము.